స్కిల్స్ ట్రైనింగా, చిన్న పనా? స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళకి ఏది మేలు

మా తమ్ముడి గురించి తెలిసినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: మందులతో గొంతులు వినిపించడం తగ్గింది గానీ మనిషి గదిలోంచి బయటికి రావట్లేదు, సోషల్ స్కిల్స్ ట్రైనింగ్‌లో చేర్పించాలా, ఏదైనా పనిలో పెట్టాలా అని. మేం రెండూ చూశాం.

ట్రైనింగ్ తీసిపారేసేదేం కాదు. పలకరించడం, అడగడం, వద్దనడం, ఒక్కోదాన్నీ చిన్న ముక్కలు చేసి, ముందు చేసి చూపించి, రోల్‌ప్లే చేయించి, హోంవర్క్ ఇస్తారు. ఏకాగ్రత, జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్ళకి ఇలా అయితేనే పట్టుబడుతుంది. చిక్కంతా ఆ గది దాటాకే. గ్రూప్‌లో "ఇది మార్చిస్తారా" అని చక్కగా అడిగిన మా తమ్ముడు, నిజం కౌంటర్ దగ్గర వెనక ఇంకో మనిషి నిలబడేసరికి బిల్లు గుప్పిట్లో నలిపేసుకుని తిరిగొచ్చేశాడు. మాట రాక కాదు, "నేనడిగితే ఎవరిస్తార్లే" అట.

నాకైతే అసలు సంగతి ఇదే. లోకం వేసిన ముద్రని తనే నమ్మేసిన మనిషికి ఎన్ని వాక్యాలు నేర్పినా నోటిదాకా రావు, తను లేకపోతే ఆగిపోయే పని ఒకటుండాలి. 1990ల్లో అమెరికాలో వచ్చిన ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్, పోలీసు ఐపీఎస్ కాదు) పద్ధతి అంతే, ముందు మామూలు ఉద్యోగం, పక్కన ఒకరి సాయం, నేర్చుకోవడం పనిలోనే. నిపుణులూ ఒక మాట మీద లేరనుకోండి, అమెరికాలో పోర్ట్ అనే స్కిజోఫ్రెనియా పరిశోధక బృందం 2009 సిఫార్సులు రెండూ మంచివే అన్నాయి, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ 2014లో ట్రైనింగ్‌ని విడిగా రొటీన్‌గా ఇవ్వొద్దని, ఉద్యోగానికి సాయం మాత్రం ఇమ్మని చెప్పింది.

క్లబ్‌హౌస్‌లు కూడా ఉన్నాయి, మానసిక జబ్బు ఉన్నవాళ్ళే సభ్యులుగా కలిసి పనులు చేసుకునే చోట్లు, 1948లో న్యూయార్క్ ఫౌంటెన్ హౌస్‌తో మొదలైనవి, దగ్గర్లో ఉంటే మంచిదే. సీబీటీ, అంటే ఆలోచనల తీరు మీద పనిచేసే మాటల చికిత్స, దాని సంగతి డాక్టర్‌నే అడగండి.

మావాడిప్పుడు లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుతాడు, రోజుకి రెండు గంటలే. జబ్బు తిరగబెట్టి గొంతులు గట్టిగా వినిపిస్తున్నప్పుడు ఇలా తోస్తే దెబ్బతింటారు, మేం కుదుటపడేదాకా ఆగాం, మందులూ ఆపలేదు. మొదటి వారం ఎవరైనా "ఆ పుస్తకం ఎక్కడుందండీ" అంటే వేలు చూపించి ఊరుకునేవాడు. ఒకరోజు జ్వరమొచ్చి వెళ్ళకపోతే, మర్నాడు అక్కడి పెద్దాయన "నిన్న రాలేదేం బాబూ, పుస్తకాలన్నీ అలాగే ఉండిపోయాయి" అన్నాడట, ఆ మాట ఇంటికొచ్చి మాకు మూడుసార్లు చెప్పాడు. మొన్న రాత్రి తనంతట తనే వచ్చి, "అక్కా, ఎవరైనా గొంతు పెంచితే ఏమనాలో ఆ రోల్‌ప్లే ఇంకోసారి చేద్దామా" అన్నాడు. కోప్పడే మనిషి వేషం నాదే.