షెఫీల్డ్ ఫోక్ క్లబ్బులో రెండేళ్లు: నా అభిప్రాయం

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక పబ్బు ఉంది. దాని మేడ మీది గదిలో పదిహేను రోజులకోసారి, గురువారం రాత్రి ఫోక్ క్లబ్బు, అంటే జానపద పాటలు పాడుకునే కూటమి, నడుస్తుంది. నైట్ డ్యూటీ పడని గురువారాలన్నీ రెండేళ్లుగా నావి అక్కడే. తలుపు దగ్గర మూడు పౌండ్లు తీసుకుంటారు, పేరున్నవాళ్లని పిలిచే గెస్ట్ నైట్ అయితే పది. మైకు లేదు, వేదిక లేదు. పాడాలనుంటే ఎంసీకి (కార్యక్రమం నడిపించే మనిషికి) పేరివ్వడమే, మనిషికి రెండు పాటలు. ముందుగా పాడించి చూడటాలేం ఉండవు.

అక్కడే ఉంది అసలు పేచీ. ఎవరైనా పాడొచ్చా, కాస్త వచ్చినవాళ్లే పాడాలా అన్నది ఇంగ్లండ్ ఫోక్ క్లబ్బుల్లో పాత తగువు. లండన్‌లో జానపద గాయకులు ఇవాన్ మెక్‌కోల్, పెగ్గీ సీగర్‌ల సింగర్స్ క్లబ్బులో ఎవరి భాష పాటలు వాళ్లే పాడాలని నియమం పెట్టుకున్నారు. 1960ల్లో మెక్‌కోల్ నడిపిన క్రిటిక్స్ గ్రూపులో ఒకరి పాట ఒకరు విని తప్పొప్పులు చెప్పుకునేవాళ్లు. మా క్లబ్బులో అంత పట్టింపు లేదు, అది నాకిష్టం. గొంతు బాగుండాలని నేనూ అడగను. పాట నోటికి వచ్చి ఉండాలని మాత్రం అడుగుతాను.

పోయిన చలికాలం ఒకాయన ట్యాబ్లెట్ చూస్తూ పాడాడు. తల ఎత్తలేదు, వంత ఎక్కడ అందుకోవాలో మాకు తెలియలేదు. మూడో చరణంలో తెర ఆరిపోయింది. ఆయన వేలితో తడుముతుంటే గదిలో ముప్పై మందిమీ ఆగిపోయాం. లైను దొరికింది గానీ పాట మళ్లీ లేవలేదు.

తర్వాత స్టీలు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దాయన లేచాడు. బొంగురు గొంతు, పై స్థాయి అందదు. అరచెయ్యి చెవి వెనక ఆనించి, కళ్లు మూసుకుని పదకొండు చరణాల కథ పాడాడు. పల్లవి దగ్గరికి వచ్చినప్పుడల్లా గడ్డం కాస్త పైకెత్తేవాడు, గదంతా అందుకునేది. కోనసీమలో మా అమ్మమ్మ నాట్లప్పుడు పాట ఎత్తుకుంటే వరసలో ఆడవాళ్లు అలాగే అందుకునేవాళ్లు. చేతిలో నారు, పాదాల కింద బురద, కాగితం చూసుకునే వీలెక్కడిది!

మెక్‌కోల్ నియమం గురించి చదివాకే నాకు తెలుగు పాట పాడే ధైర్యం వచ్చింది. మొదటిసారి శ్రుతి మరీ పైన ఎత్తుకున్నాను, రెండో చరణానికే గొంతు చీలింది. ఎంసీ దగ్గరికి వచ్చి, "తొందరేం లేదు. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే లైను ముందు లోపల పాడి చూసుకో, అది అందితే మొదలుపెట్టు" అన్నారు. అలాగే చేశాను. మూడో చరణానికల్లా అమ్మమ్మ పాటకి షెఫీల్డ్ వాళ్లు వంత పాడారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఎంసీ ఆ సలహా పాడేవాళ్లందరికీ చెప్పాలని నా కోరిక. అడిగినవాళ్లకో తడబడినవాళ్లకో తప్ప చెప్పరు. కొత్తవాళ్లు కాగితం పట్టుకుంటే తప్పులేదు. ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లూ తెర చూసే పాడుతుంటే ఎవరూ ఏమీ అనకపోవడం నాకు నచ్చదు. అందుకే ఈ క్లబ్బుకి నేనిచ్చేది ఐదుకి నాలుగు మార్కులు.

మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. ఎనిమిదింటికి మొదలు. పేరివ్వాలంటే పావుగంట ముందే వెళ్లండి.