పాత రికార్డుల డిజిటల్ ప్రతికి ఏది మేలు: యూఎస్‌బీ టర్న్‌టేబులా, విడి పరికరాలా?

పాత రికార్డులను ఇంట్లోనే డిజిటల్‌లోకి మార్చుకోవాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కంప్యూటర్‌కు నేరుగా తగిలించే యూఎస్‌బీ టర్న్‌టేబుల్ సరిపోతుందా, లేక మామూలు టర్న్‌టేబుల్, ఫోనో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచి సరిచేసేది), ఆడియో ఇంటర్‌ఫేస్ (ఆ సంకేతాన్ని డిజిటల్‌గా మార్చి కంప్యూటర్‌కు అందించేది) విడివిడిగా సమకూర్చుకోవాలా? కొన్ని నెలలు మొదటి పద్ధతిలో పనిచేసి ఈమధ్యే రెండోదానికి మారాను కాబట్టి నా మొగ్గు ఎటో దాచిపెట్టను.

ఈ చర్చ సాధారణంగా శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా నమోదు చేయాలి, 16 బిట్లా, 24 బిట్లా అన్న దగ్గర చిక్కుకుపోతుంది. నిజానికి ఎల్పీ (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు) సొంత రొదే 16 బిట్ల రికార్డింగ్‌లో ఉండే రొద కంటే చాలా ఎక్కువ. కాబట్టి వినడానికి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలవడం) చాలు. లెవెల్ కాస్త తగ్గించి పెట్టుకున్నా నష్టం ఉండకపోవడమే 24 బిట్లలోని సౌకర్యం. అయితే 96 కిలోహెర్ట్జ్‌తో కలిపితే గంట స్టీరియోకు సుమారు 2 జీబీ పడుతుంది.

నా లెక్కలో అసలు తేల్చేది ముల్లు. చవకరకం యూఎస్‌బీ టర్న్‌టేబుళ్లలో చాలావాటికి సిరామిక్ రకం కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఉంటుంది. అది గాడి మీద 5 గ్రాముల దాకా బరువు మోపితే, మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కు 2 గ్రాములు సరిపోతాయి. ఈ తేడా మొదటి పాటలో అంతగా తెలియదు. ముల్లు లోపలికి జరిగేకొద్దీ, 33⅓ వేగంతో తిరిగే ఎల్పీలో దాని కింద గాడి కదిలే వేగం సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల నుంచి 21కి పడిపోతుంది, అంటే అంతే శబ్దం సగానికన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. నా ఎల్పీ ఒకదానిలో, చివరి పాటలో ‘స’ వచ్చిన ప్రతిచోటా గుడ్డ చించినట్టు వినిపించేది. రికార్డు అరిగిపోయిందనే అనుకున్నాను. ఎలిప్టికల్ ముల్లుతో (మొన కోలగా ఉండేది) మళ్లీ వేసినప్పుడు ఆ ‘స’ శుభ్రంగా పలికింది. చిటపటలను ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్ చాలావరకు తీసేస్తుంది గాని, ఈ చీలికను తీయలేదు.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులున్నవారికి విడి పరికరాలే దారి అంటాను. వాటి గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతల వెడల్పు కాబట్టి ఎల్పీ ముల్లు అడుగున పడి దుమ్ము మీద దొర్లుతుంది. వాటికి వేరే ముల్లు కావాలి. పైగా వాటిలో అధికభాగం 1954లో ఆర్‌ఐఏఏ ప్రమాణం (రికార్డు తయారీలో తగ్గించిన బాస్‌ను, పెంచిన ట్రెబుల్‌ను వినేటప్పుడు ఎంత సవరించాలో చెప్పేది) రాకముందువి. యూఎస్‌బీ టర్న్‌టేబుల్ అన్నిటికీ ఆ ఒక్క ప్రమాణాన్నే వర్తింపజేస్తుంది. విడి పరికరాలతోనైతే ఏ సవరణా లేకుండా రికార్డు చేసుకుని, తగినదాన్ని తరువాత సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవచ్చు.

విడి పద్ధతిలోనూ తప్పులు జరుగుతాయి. టర్న్‌టేబుల్ వెనుక ఫోనో, లైన్ అని ఉండే మీటను లైన్‌లోనే వదిలేసి బయట ఇంకో ప్రీఆంప్ తగిలించాను. సవరణ రెండుసార్లు జరిగి, బాస్ ఉబ్బిపోయి, పాట దిండు కింద నుంచి వినిపించినట్టయింది. ఒక సాయంత్రమంతా వృథా.

స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం జ్ఞాపకానికి తప్ప దేనికీ పనికిరాదు. బయట ఇచ్చి చేయించుకోవడం, పదీ పదిహేను రికార్డులే ఉన్నవారికి సబబే.

పాతికో ముప్పయ్యో ఎల్పీలు మాత్రమే ఉండి, 78లు లేకపోతే, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌తో వచ్చి, ముల్లు మార్చుకునే వీలున్న యూఎస్‌బీ టర్న్‌టేబుల్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ముల్లు మాత్రం మొదటి రికార్డు వేయకముందే మార్చండి.