మూడున్నరేళ్లుగా బాల్ పైథాన్‌తో: పెట్టె కుదిరాకే తిండి కుదిరింది

మా ఇంటికి వచ్చిన రోజు మా బాల్ పైథాన్ (కొండచిలువల్లో ఒక చిన్న జాతి) బంతి బరువు 96 గ్రాములు. గుడ్డులోంచి బయటపడి అప్పటికి మూడు నెలలు. చేతిలోకి తీసుకుంటే చాలు, తల లోపల దాచుకుని గట్టిగా ఉండ చుట్టుకునేది. అందుకే ఆ పేరు పెట్టాం. ఆరు వారాలు గడిచేసరికి దాని బరువు 88 గ్రాములకు పడిపోయింది. ఆ ఆరు వారాల్లో ఒక్కటంటే ఒక్క ఎలుకను కూడా ముట్టుకోలేదు.

ఇప్పటికి మూడున్నరేళ్లు దాటింది. పిల్ల బాల్ పైథాన్‌ను తెచ్చుకుని, అది తినడం లేదని టెన్షన్‌తో రాత్రిళ్లు పెట్టె ముందు కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ ఆరు వారాలూ నేను ఎలుకల సైజు మార్చాను, రంగు మార్చాను, వేళ మార్చాను. మార్చాల్సింది పెట్టెనని తెలియడానికి చాలా ఆలస్యమైంది.

నా మొదటి పెట్టె నాలుగు అడుగుల గాజు ట్యాంక్, పైన జాలీ మూత. గదిలో పెడితే చాలా అందంగా ఉండేది. లోపల ఒక దుంగ, నీళ్ల గిన్నె, ఒక మూల గుహ ఆకారంలో పెద్ద హైడ్, అంటే పాము దాక్కునే గూడు. ఎటు నుంచి చూసినా పాము కనిపించేది. దాని భయానికి అదే కారణం. ఈ జాతి పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి భూముల్లో ఎలుకల బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ పగలంతా నక్కి ఉంటుంది. ఒంటికి అన్ని వైపులా ఏదో ఒకటి తగులుతుంటేనే దానికి నిబ్బరం. నేను పెట్టిన హైడ్‌లో అలాంటి పిల్లలు ఐదు పడతాయి. రాత్రిపూట బంతి గాజు వెంబడి ముక్కు రాసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే హుషారుగా ఉందనుకుని సంబరపడ్డాను. పాపం, అది బయటికి దారి వెతుక్కుంటోంది.

తేమ సంగతి ఇంకా ఘోరం. గోడకు అంటించే ముల్లు మీటర్ ఎప్పుడు చూసినా 60 శాతం చూపించేది. అనుమానం వచ్చి డిజిటల్ మీటర్ పెడితే 39. జాలీ మూత లోంచి తేమంతా పైకి పోతోంది. ముల్లు మీటర్లను దయచేసి నమ్మకండి. నా దగ్గర ఉన్న రెండూ ఒకదానితో ఒకటి కూడా పొంతన లేని లెక్కలు చూపించాయి. మామూలు రోజుల్లో 55 నుంచి 70 శాతం ఉండాలి, కుబుసం విడిచే ముందు ఇంకొంచెం ఎక్కువున్నా మంచిదే.

ఆరో వారం చివర ట్యాంక్ ఖాళీ చేసి, మూత గట్టిగా బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చాను. పక్కల్లో వేడి చేసిన సూదితో గాలి రంధ్రాలు పెట్టాను. అడుగున రెండు అంగుళాల మందం కొబ్బరి పొట్టు. వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి, అచ్చంగా ఒకేలాంటి రెండు చిన్న హైడ్‌లు. లోపల చుట్టుకుంటే వీపు పైకప్పుకి తగిలేంత ఇరుకు. ఒకే హైడ్ ఉంటే పాము దాక్కోవడానికీ వెచ్చదనానికీ మధ్య ఒకటి వదులుకోవాల్సి వస్తుంది, దాదాపు ఎప్పుడూ దాక్కోవడమే ఎంచుకుంటుంది. చలిలో దాక్కున్న పాముకు తిన్నది అరగదు. కాబట్టి రెండో హైడ్ తప్పనిసరి.

డబ్బాలో పెట్టాక వారం పాటు ముట్టుకోలేదు, మూత తీయలేదు, నీళ్లు మార్చడం తప్ప ఏమీ చేయలేదు. ఆ వారం నాకు చాలా కష్టంగా గడిచింది. తొమ్మిదో రోజు రాత్రి లైట్లన్నీ ఆపేసి, హాల్లోంచి వచ్చే వెలుతురులో, పొడవాటి పటకారుతో ఎలుకను హైడ్ గుమ్మం దగ్గర పట్టుకున్నాను. ముందు ముక్కు బయటికి వచ్చింది. తర్వాత నాలుక, మొదట గబగబా, ఆపైన ఒక్కోసారి ఆగి ఆగి. మెడ మెల్లగా ఎస్ ఆకారంలోకి వంగింది. పై పెదవి మీద వరసగా ఉండే చిన్న గుంటలు సరిగ్గా ఎలుక తలకేసి తిరిగాయి. వేడిని పసిగట్టేవి అవే. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. దూకడం నాకు కనిపించలేదు, పటకారు లాగినట్టు అనిపించింది అంతే. చూసేసరికి ఎలుక చుట్టూ రెండు చుట్లు. ఇరవై నిమిషాల తర్వాత తోక కూడా లోపలికి పోయింది. దవడలు సర్దుకోవడానికి అది రెండుసార్లు పెద్దగా ఆవలించింది. ఆ రాత్రి నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

తిండి గురించి ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెప్తాను. మొదటి నుంచీ ఫ్రీజ్ చేసిన ఎలుకలే ఇస్తున్నాను. బతికున్న ఎలుకను పెట్టెలో వదలడం పాముకు ప్రమాదం. ఆకలి లేని పాము ఊరుకుంటుంది, ఎలుక ఊరుకోదు, ఒళ్లంతా కొరుకుతుంది. ముందు రోజు రాత్రి ఎలుకను ఫ్రీజర్ లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెడతాను. మర్నాడు సాయంత్రం జిప్ కవర్లో వేసి గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచుతాను. పొట్ట నొక్కి చూస్తే లోపల గట్టిగా తగలకూడదు. ఆఖర్న తల భాగాన్ని ఇంకాస్త వేడి నీళ్లలో ముంచి తుడుస్తాను, 38 నుంచి 40 డిగ్రీలు వచ్చేలా. తల వేడిగా ఉంటే అటువైపే పట్టుకుంటుంది, మింగడం తేలిక. మైక్రోవేవ్ జోలికి వెళ్లకండి, లోపల ఉడికిపోతుంది, పొట్ట పగులుతుంది. పాము తినకపోతే ఆ ఎలుకను పారేయాల్సిందే, మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు. ఇదంతా అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఎప్పుడూ ఉంటుంది.

ఎంత పెట్టాలి అన్నదానికి వంటింటి డిజిటల్ కాటా ఉండాల్సిందే. చిన్నప్పుడు పాము బరువులో 10 నుంచి 15 శాతం ఉన్న ఎలుకను వారానికొకటి ఇచ్చాను. 400 గ్రాములు దాటాక పది రోజులకు, తర్వాత రెండు వారాలకు జరిపాను, శాతం కూడా తగ్గిస్తూ వచ్చాను. ఇప్పుడు సుమారు 60 గ్రాముల ఎలుక మూడు వారాలకొకటి. ఎక్కువ పెడితే త్వరగా పెరుగుతుందని ఆశపడేవాళ్లు ఉంటారు, కొవ్వు కూడా అంతే త్వరగా పడుతుంది. ఒంటిని అడ్డకోతలో ఊహించుకుంటే కాస్త గుండ్రటి త్రికోణంలా ఉండాలి. వెన్నెముక పొడుచుకు రాకూడదు, తోక మొదట్లో మడతలు పడకూడదు.

బంతి మొదట చిట్టెలుకలే తినేది, ఎందుకంటే పెంచినవాళ్లు అవే అలవాటు చేశారు. కొనేటప్పుడే ఏం తింటోంది, ఎప్పుడు తిన్నది, ఎన్నిసార్లు వరసగా తిన్నది అని అడగండి. నేను అడగలేదు, తెచ్చాక ఫోన్ చేసి తెలుసుకున్నాను. చిట్టెలుకల నుంచి పెద్ద జాతి ఎలుక పిల్లలకు మార్చడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. రెంటినీ ఒకే కవర్లో కరగనిచ్చి, చిట్టెలుక వాసన పట్టాక ఇస్తే తీసుకుంది.

ఒక తప్పు చెప్పాలి. ఐదో భోజనం తర్వాతి రోజే చుట్టాలు వచ్చారని బయటికి తీసి చేతులు మార్చాం. మూడో రోజు పొద్దున డబ్బాలో సగం అరిగిన ఎలుక, ఆ కంపు చెప్పలేను. కక్కేటప్పుడు కడుపులోని ఆమ్లం కూడా పైకి వస్తుంది, గొంతు దెబ్బతింటుంది. రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఆగి, తర్వాత మామూలులో సగం సైజు ఇచ్చాను. అప్పటి నుంచి తిన్నాక 48 గంటలు ఎవరినీ ముట్టుకోనివ్వను, పొట్ట ఉబ్బు ఇంకా కనిపిస్తుంటే మూడో రోజు కూడా.

వేడి విషయంలో ఒకే ఒక్క వస్తువుకు పూర్తి మార్కులు ఇస్తాను, థర్మోస్టాట్ (వేడి పెట్టిన స్థాయి దాటకుండా ఆపే పరికరం). డబ్బా అడుగున పెట్టే హీట్ మ్యాట్‌ను (కరెంటుతో వేడెక్కే పలుచని చాప) మొదట్లో నేరుగా ప్లగ్‌లో పెట్టాను. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పొట్టు తప్పించి అడుగు కొలిస్తే 46 డిగ్రీలు. పాము కింది నుంచి వచ్చే వేడికి కాలుతున్నా వెంటనే కదలదు, పొట్ట పొలుసులు కాలాకే మనకు తెలుస్తుంది. వేడి వైపు నేల మీద 31 నుంచి 33, చల్లటి వైపు 25 నుంచి 27 ఉంటే చాలు. థర్మోస్టాట్ కొన్నాక కూడా ఒకసారి గుండె ఆగినంత పనైంది. దాని ప్రోబ్‌ను (వేడిని కొలిచే తీగ కొన) డబ్బా లోపల పెట్టాను, బంతి దాన్ని తోసుకుంటూ చల్లటి వైపు తీసుకుపోయింది. ప్రోబ్‌కి చలి తగిలేసరికి మ్యాట్ ఆగకుండా పనిచేస్తూ పోయింది. అదృష్టవశాత్తూ నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు నుంచి ప్రోబ్ బయట, మ్యాట్‌కీ డబ్బా అడుగుకీ మధ్య కదలకుండా ఉంటుంది, లోపలి వేడిని వేరే థర్మామీటర్‌తో చూసి సెట్ చేస్తాను. లోపల ఎక్కడా టేప్ అంటించకండి. జిగురు పొలుసులకు పట్టుకుంటే పీకడం నరకం, నూనె రాసి గంటసేపు మెల్లగా విడదీయాల్సి వచ్చింది. వేడెక్కే కృత్రిమ రాళ్లు అసలే వద్దు. రాత్రి ఎర్ర బల్బులు కూడా అక్కర్లేదు, చీకటి చీకటిగానే ఉండనివ్వండి.

కొబ్బరి పొట్టు మూడున్నరేళ్లుగా వాడుతున్నాను, మార్చే ఉద్దేశం లేదు. నీళ్లు పొట్టు పైపైన చిలకరించడం కంటే ఒక మూల నుంచి అడుక్కి పోస్తే తేమ రోజుల తరబడి నిలుస్తుంది, పైపొర పొడిగా ఉంటుంది. పైన తడిగా ఉంటే పొట్ట పొలుసులు కుళ్లే ప్రమాదం ఉంది. దేవదారు, పైన్ చెక్క పొట్టు మాత్రం వద్దు, వాటి ఘాటు పాములకు పడదు.

తేమ సరిగ్గా ఉందో లేదో కుబుసమే చెప్పేస్తుంది. గాజు ట్యాంక్‌లో ఉన్నప్పటి మొదటి కుబుసం పదకొండు ముక్కలుగా వచ్చింది, ఎడమ కంటి పొర ఊడనే లేదు. గోటితో తీయబోయి ఆగిపోయాను, ఆగడం మంచిదైంది. లాగితే కన్నే పోవచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో తడి స్ఫాగ్నమ్ నాచు నింపిన మూడో హైడ్ ఒకటి పెడితే తర్వాతి కుబుసంతో పాటు ఆ పాత పొర కూడా వచ్చేసింది. ఇప్పుడు మేజోడు తిరగేసినట్టు ఒకే ముక్కగా విడుస్తుంది. వెలుతురులో పెట్టి చూస్తే తల దగ్గర చిన్న గాజు బిళ్లల్లాంటి రెండు కంటి పొరలు కనిపిస్తాయి. తోక చివర కూడా చూడండి, అక్కడ ఉంగరంలా మిగిలిపోతే బిగుసుకుని రక్తం ఆగుతుంది. కుబుసానికి ముందు కళ్లు నీలంగా మసకబారిన రోజుల్లో నేను తిండి ఇవ్వను, చేతిలోకి తీసుకోను.

చిన్న డబ్బాయే సరైనదని నేను ఏడాదిన్నర నమ్మాను. 800 గ్రాములు దాటాక నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తున్న పీవీసీ పెట్టెలోకి మార్చాను, మళ్లీ తిండి మానేస్తుందేమోనని భయపడుతూనే. ఈసారి ఖాళీ లేకుండా కొమ్మలు, ప్లాస్టిక్ ఆకులు, బెరడు గొట్టాలు నింపాను. ఐదో రోజునే తినేసింది. అంటే మొదటి ట్యాంక్‌లో దాన్ని భయపెట్టింది సైజు కాదు, బోసితనం. రాత్రి పదింటికి కొమ్మ మీదికి ఎక్కి కూర్చుంటుంది. నైజీరియా అడవుల్లో పరిశీలించినవాళ్లు చిన్న పాములు పక్షులను ఎక్కువగా తింటాయని, మగవి చెట్లు బాగా ఎక్కుతాయని గమనించారు. ఇదంతా ముందే తెలిసుంటే అంతకాలం డబ్బాలో ఉంచేవాణ్ణి కాదు. పీవీసీ పెట్టెలో నాకున్న ఒకే ఫిర్యాదు జారుడు అద్దాల మధ్య సందు. వేలు పట్టే సందులోంచి పిల్ల పాము తల దూరుతుంది. తాళం పెట్టండి.

రెండో ఏడాది చలికాలంలో మళ్లీ మూడు నెలలు తినలేదు. ఈసారి కంగారు పడలేదు. వేడి, తేమ సరిగ్గా ఉన్నాయి, వారం వారం తూచాను, 940 నుంచి 905కి వచ్చింది, అంతే. ఎదిగిన మగ పాములు ఆ కాలంలో ఇలా మానేయడం మామూలే. బరువు పదో వంతు తగ్గినా, ఊపిరిలో ఈల శబ్దం వచ్చినా, నోటి దగ్గర బుడగలు కనిపించినా ఆ రోజే పాములు తెలిసిన పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్ల పాముకైతే అంత కూడా ఆగొద్దు, దాని ఒంట్లో నిల్వ తక్కువ.

తెచ్చుకునే ముందు మీ చోట చట్టం ఏమంటుందో కనుక్కోండి, ఎన్నేళ్లు బతుకుతుందో కూడా ఆలోచించండి. ఇరవై, ముప్ఫై ఏళ్లు మామూలు. సెయింట్ లూయిస్ జూలో 62 ఏళ్లు దాటిన ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. నా తర్వాత బంతిని చూసుకుంటానని మా తమ్ముడు ఒప్పుకున్నాడు, ఎలుకను కరిగించడం కూడా నేర్చుకున్నాడు.

నిన్న తూచినప్పుడు 1,160 గ్రాములు. కళ్లు మసకబారి మళ్లీ తేటపడి రెండు రోజులైంది, రేపో ఎల్లుండో కుబుసం విడుస్తుంది. నాచు తడిపి పెట్టాను.