మయోపియా (మైనస్ సైటు) కంట్రోల్ కళ్ళద్దాలు: మా పాప ఏడాది వాడాక

మా పాపకి ఏడేళ్ళప్పుడు బోర్డు కనపడట్లేదంటే చూపించాం, మైనస్ 1 అన్నారు. ఏడాది తిరిగేసరికి మైనస్ 1.75 అయింది. కళ్ళజోడు షాపతను "అమ్మానాన్నలిద్దరికీ సైటుంది కదండీ, వంశపారంపర్యం, ఇలా పెరుగుతూనే ఉంటుంది" అని మామూలు అద్దాలే మార్చి ఇచ్చేశాడు. మా ఆయనకి మైనస్ 5, నాకు 3. నా వల్లే దీనికి ఇలా అయిందని ఆ రాత్రంతా ఏడ్చాను.

తర్వాత పిల్లల కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మెషీన్ మీద కనుగుడ్డు పొడవు కొలిచారు, 24.1 మిల్లీమీటర్లు. మైనస్ సైటంటే కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడవుగా సాగడమేనట, ఒక్క మిల్లీమీటరు సాగితే పవర్ రెండున్నర, మూడు దాకా పెరుగుతుంది. మామూలు అద్దాలతో చూపు బాగుంటుంది కానీ ఆ సాగడం ఆగదు.

ఆ సాగడం నెమ్మదించడానికి ఆవిడ రాసిన అద్దాల్లో మధ్యలో మామూలు పవరే ఉంటుంది, చుట్టూ వందల కొద్దీ బుల్లి లెన్సులు ఉంటాయి, వెలుతురులో పట్టి చూస్తే చుక్కల్లా కనిపిస్తాయి. హాంకాంగ్‌లో పిల్లల మీద రెండేళ్ళు పరీక్షిస్తే ఇలాంటి అద్దాలతో పవర్ పెరగడం సగానికి సగం తగ్గింది. మాకు ఫ్రేముతో కలిపి 18 వేలయింది, ఖరీదే. మొదటి నాలుగు రోజులు మెట్లు దిగేటప్పుడు పక్కలన్నీ మసకగా ఉన్నాయంది, తర్వాత అలవాటైపోయింది. ఫ్రేము ముక్కు మీదికి జారితే మాత్రం లాభం లేదు, చూపు మధ్య భాగంలోంచే పోవాలి, అందుకని రెండుసార్లు వెళ్ళి బిగించుకొచ్చాం. రోజుకి 12 గంటలైనా పెట్టుకోవాలి. గీతలు తొందరగా పడుతున్నాయి, చున్నీతో తుడవకండి.

ఏడాదికి పవర్ మైనస్ 2 దగ్గర ఆగింది, కనుగుడ్డు 24.22. అంతకుముందు ఏడాది ముప్పావు పెరిగిన పిల్లకి ఈసారి పావే పెరిగింది. వయసు పెరిగే కొద్దీ వేగం కాస్త తగ్గుతుందని కూడా డాక్టరు చెప్పారు కాబట్టి మొత్తం అద్దాల గొప్పే అనను, అయినా నేను మళ్ళీ ఇవే కొంటాను.

ఇక వంశపారంపర్యం మాట. అమ్మానాన్నలిద్దరికీ ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువే, అది నిజం. కానీ 2008లో వచ్చిన ఒక పరిశోధనలో చైనా మూలాలున్న ఆరేడేళ్ళ పిల్లల్ని రెండు ఊళ్ళలో చూశారు. సింగపూర్‌లో 29 శాతం మందికి సైటుంది, సిడ్నీలో 3 శాతం మందికే. రెండు చోట్లా తల్లిదండ్రుల్లో సైటున్నవాళ్ళు దాదాపు ఒకేలా ఉన్నారు. పెద్ద తేడా బయట గడిపే సమయంలో వచ్చింది, సిడ్నీ పిల్లలు వారానికి పద్నాలుగు గంటల దాకా, సింగపూర్ పిల్లలు మూడు గంటలు. మా అమ్మమ్మ జన్మలో కళ్ళజోడు పెట్టలేదు, రెండు తరాల్లో జీన్స్ మారిపోవు కదా, మారింది మనం పెరిగే తీరే. పగటి వెలుగుకి రెటీనాలో (కంటి లోపలి తెరలో) డోపమైన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు సాగడానికి బ్రేకు వేస్తుందంటారు. గదిలో లైటు కొన్ని వందల లక్సే (లక్స్ అంటే వెలుగుని కొలిచే లెక్క), బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది, కాబట్టి మన ఎండల్లో పిల్లల్ని మాడ్చాల్సిన పని లేదు, ఉదయం, సాయంత్రం నీడ పట్టున ఆడినా చాలు.

ఒకటి మాత్రం తెలుసుకోండి, బయట ఆట సైటు రాకుండా ఆపడంలో పనిచేసినంతగా వచ్చాక తగ్గించడంలో పనిచేయదు. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచితే మూడేళ్ళలో కొత్తగా సైటు వచ్చినవాళ్ళు 30 శాతం, ఉంచని బడుల్లో 39.5 శాతం. మా బాబుకి ఐదేళ్ళు, ఇంకా సైటు రాలేదు. వాడికి ఈ అద్దాలతో పని లేదు, సాయంత్రం ట్యూషన్ మాన్పించి అక్కతో పాటు కిందికి ఆటకి పంపిస్తున్నాను.