మసకబారిన తెర: నూవో డ్రైవరా, ఎన్విడియా సొంత డ్రైవరా, కార్డు పీకేయడమా – ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు డీటీపీ షాపుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఎక్కువగా కనిపించే సరంజామా ఒకటుంది. ఏదో ఆఫీసు తీసేసిన మూడో నాలుగో తరం ఇంటెల్ డెస్క్‌టాప్, అందులో ఎవరో తగిలించిన పాత ఎన్విడియా కార్డు, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్, మధ్యలో నీలం కొనల వీజీఏ కేబుల్. దాని మీద లినక్స్ రకాలైన ఉబుంటు గానీ మింట్ గానీ వేశాక అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇంగ్లీషు టైపు చేసేవాళ్ళు దీంతో సర్దుకుపోతారు. ఒకే పెళ్ళి పత్రికను ఇటు తెలుగులో, అటు ఒడియాలో కొట్టేవాళ్ళకు మాత్రం కుదరదు. థ, ధ మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ఒడియా అక్షరాలకు పైన గుండ్రటి తల దాదాపు ఒకేలా ఉంటుంది, ఏ అక్షరమో చెప్పేది కింది చిన్న భాగమే. మసకలో ముందు పోయేవి ఆ చుక్కలు, ఆ కింది కొసలే. ప్రూఫు తప్పులన్నీ అక్కడే పడతాయి.

ఇలాంటప్పుడు అందరి చేయీ ముందు డ్రైవర్ మీదికే పోతుంది. లినక్స్‌తోనే వచ్చే ఉచిత డ్రైవర్ నూవో తీసి ఎన్విడియా కంపెనీ సొంత డ్రైవర్ వేస్తారు, అది కుదరక మళ్ళీ నూవోకి వస్తారు. కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి. ముందు తేల్చాల్సింది మసక ఎక్కడ పుడుతోందన్నది. దీనికి రెండు నిమిషాల పరీక్ష చాలు. మసకగా ఉన్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లోకి పంపి, పెద్దది చేసి చూడండి. అందులోనూ అక్షరాలు అలుక్కుపోయి ఉంటే తప్పు కంప్యూటర్ లోపల, అంటే స్కేలింగ్‌లోనో ఫాంటు నునుపు చేసే సెట్టింగ్‌లోనో ఉంది. స్క్రీన్‌షాట్ పదునుగా ఉండి తెర మాత్రం మసకగా ఉంటే తప్పు రిజల్యూషన్‌లో గానీ, కేబుల్‌లో గానీ, మానిటర్‌లో గానీ ఉంది. షాపుల్లో ఎక్కువగా తగిలేది ఈ రెండో రకమే.

ఆ మానిటర్ల అసలు కొలత 1366 × 768. ఈ 1366 అనే అంకె ఎనిమిదితో భాగింపబడదు. మోడ్ లెక్కలు, అంటే తెర కొలతకు తగ్గ సంకేతం అంకెలు, కట్టే పాత పద్ధతి ఎనిమిది గుణకాలకే ఒప్పుకుంటుంది. అందుకే ఆ లెక్క కట్టే సీవీటీ కమాండుకి 1366 ఇస్తే 1368 లెక్క కట్టి ఇస్తుంది. కొన్నిచోట్ల జాబితాలో 1360 × 768 మాత్రమే దొరుకుతుంది. 1360 పిక్సెళ్ళను 1366 గళ్ళ మీదికి సాగదీస్తే తెరంతా ఒకేలా మసకబారదు. నిలువు పట్టీలుగా ఒకచోట పదునుగా, పక్కన మసకగా, మళ్ళీ పదునుగా కనిపిస్తుంది. ఈ పట్టీలు కనిపిస్తే డ్రైవర్ మార్చి లాభం లేదు, సరైన మోడ్ ఇవ్వాలి. 1366 × 768కి ప్రామాణిక అంకెలివి: పిక్సెల్ క్లాక్ 85.50 మెగాహెర్ట్జ్, అడ్డంగా 1366, 1436, 1579, 1792, నిలువుగా 768, 771, 774, 798, రెండు సింక్‌లూ ప్లస్. వీటిని ఎక్స్‌ర్యాండర్ అనే తెర సెట్టింగ్ కమాండులో న్యూమోడ్‌గా చేర్చి, యాడ్‌మోడ్‌తో ఆ పోర్టుకి కట్టాలి. ఇది తెర మీద బొమ్మ గీసే పాత వ్యవస్థ ఎక్స్‌ఆర్గ్ సెషన్‌లోనే పనిచేస్తుంది. కొత్త వ్యవస్థ వేలాండ్ అయితే, సిస్టం‌ని బూట్ చేసే గ్రబ్‌లో, లినక్స్ మూలభాగమైన కెర్నల్ వరుసకి వీడియో పారామీటర్ ఇవ్వాలి. 1366ని సరిగ్గా కట్టే సవరణ కెర్నల్‌లోనే ఉంది.

అసలు మానిటర్ తన కొలతను తానే చెప్పుకోవాలి కదా అంటే, చెబుతుంది. దాన్నే ఈడీఐడీ అంటారు. చవక వీజీఏ కేబుళ్ళలో ఆ సమాచారం మోసే పిన్నులకు వైరే ఉండదు. అప్పుడు మానిటర్ ఎవరో తెలియక సిస్టం 1024 × 768కి దిగిపోతుంది. ఇచ్ఛాపురం, గోపాల్‌పూర్ లాంటి తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబారి కూడా ఇదే జరుగుతుంది. మోడ్ చేర్చే కష్టం కన్నా పదిహేను పిన్నులూ ఉన్న మంచి కేబుల్ కొనడం తేలిక.

ఇక్కడ నూవోకి ఒక మార్కు వెయ్యాలి. చేత్తో చేర్చిన మోడ్‌ని అది మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. ఎన్విడియా సొంత డ్రైవర్ సాధారణంగా ఒప్పుకోదు. దానికి ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ ఫైల్‌లో మోడ్‌లైన్ రాసి, మోడ్ వాలిడేషన్ నియమాలు కూడా సడలించాలి.

కేబుల్, మోడ్ బాగానే ఉన్నాయనుకుందాం. అప్పుడు డ్రైవర్ చూడాలి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎన్, ఎన్, కే అక్షరాలు చిన్నబడిలో కొట్టండి. వీజీఏ అన్న వరుస కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ ఎదుట ఐ915, నూవో, ఎన్విడియా, రేడియన్, ఏఎండీజీపీయూల్లో ఒకటి ఉండాలి. ఆ వరుసే లేకపోతే కార్డుకి డ్రైవరే లేదు. ఫర్మ్‌వేర్ ఇచ్చిన బొమ్మనే సిస్టం సాగదీసి చూపిస్తోంది. దీనికి మామూలు కారణం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడితే పెట్టిన నోమోడ్‌సెట్ పారామీటర్. అది గ్రబ్‌లో అలాగే ఉండిపోతుంది. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ లోపలున్న గ్రబ్ ఫైల్ తెరిచి ఆ మాట తీసేసి, అప్‌డేట్-గ్రబ్ నడిపి రీబూట్ చేస్తే చాలాసార్లు తెర అక్కడికక్కడే బాగుపడుతుంది.

ఎల్‌ఎస్‌పీసీఐ చూపిన ఆ వీజీఏ వరుసలోనే చిప్ పేరు కూడా ఉంటుంది, ఏ డ్రైవరో తేల్చేది అదే. కార్డు మీది పేరు నమ్మకండి. జీటీ 730 పేరుతో రెండు వేర్వేరు చిప్‌లు అమ్మారు. జీఎఫ్108 అని వస్తే అది ఫెర్మీ అనే చిప్ తరం, దానికి ఎన్విడియా డ్రైవర్లలో 390 శాఖ. జీకే208 అని వస్తే కెప్లర్, 470 శాఖ. జీటీ 710 సాధారణంగా జీకే208, దానికీ 470. జీటీ 210 ఇంకా పాతది, 340 శాఖ. జీటీ 1030 పాస్కల్ చిప్, దానికి చివరి శాఖ 580. ఎన్విడియా 340 శాఖను 2019 చివర్లో, 390 శాఖను 2022 చివర్లో వదిలేసింది. 470కీ కాలం తీరింది.

కాలం తీరితే ఏమవుతుందో చూడండి, పోలికలో అసలు తూకం ఇదే. ఎన్విడియా డ్రైవర్ కెర్నల్ బయటిది. కెర్నల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని మళ్ళీ కట్టాలి. కెర్నల్ హెడర్లు లేకపోయినా, పాత శాఖ కొత్త కెర్నల్‌కి కుదరకపోయినా కట్టడం ఆగిపోతుంది. పైగా ఎన్విడియా ప్యాకేజీ వచ్చేటప్పుడే నూవోని బ్లాక్‌లిస్టులో పెడుతుంది. కాబట్టి అప్‌డేట్ అయిన మర్నాడు ఎన్విడియా ఎక్కదు, నూవో లేవదు. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె. నిన్నటిదాకా పదునుగా ఉన్న తెర పొద్దున్నే పెద్ద పెద్ద మసక అక్షరాలతో వస్తే, ఎన్విడియా ఉన్న యంత్రంలో తొంభైపాళ్ళు కారణం ఇదే. వెంటనే చెయ్యాల్సింది బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లకి వెళ్ళి పాత కెర్నల్‌తో లేపడం. పని పూర్తయ్యాక తీరిగ్గా డీకేఎంఎస్ స్టేటస్ చూసుకోవచ్చు.

ఇంకో చిక్కు సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే, సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ రానివ్వదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్‌లో నీలం తెర వచ్చి ఎన్‌రోల్ మోక్, అంటే ఆ సంతకం తాళంచెవిని నమోదు చెయ్యి, అంటుంది. అదేదో అనుకుని కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ ఎక్కదు. మళ్ళీ మొదటికి రావాలి.

డౌన్‌లోడ్ సంగతి కూడా చూసుకోండి. ఎన్విడియా ప్యాకేజీలన్నీ కలిపి కొన్ని వందల ఎంబీలు. గజపతి, రాయగడ కొండల వైపు ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే షాపులో ఇది సగంలో తెగితే ప్యాకేజీ వ్యవస్థే ఇరుక్కుంటుంది. నూవో కెర్నల్‌తోనే వస్తుంది. 2010లో వచ్చిన 2.6.33 నుంచీ అది కెర్నల్ లోపలే ఉంది.

పదును విషయంలో రెండూ ఒకటే. సరైన రిజల్యూషన్‌లో నూవో పంపే పిక్సెల్‌కీ ఎన్విడియా పంపే పిక్సెల్‌కీ తేడా లేదు. ఎన్విడియా వేస్తే అక్షరం మెరుస్తుందనుకోవడం భ్రమ. తేడా వేగంలో ఉంది. నూవో చాలా కార్డులను బూట్ అయినప్పటి నెమ్మది క్లాక్ దగ్గరే వదిలేస్తుంది. కెప్లర్ చిప్‌ల మీద పీస్టేట్ ఫైల్ ద్వారా చేత్తో పెంచుకోవచ్చు. పాస్కల్‌కి ఆ దారి లేదు, సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ అడ్డుపడుతుంది. కాబట్టి జీటీ 1030 మీద నూవోతో వీడియో ఎడిటింగ్ పెట్టుకోకండి, దానికి 580 వేసుకోవాలి. ట్యూరింగ్, అంటే జీటీఎక్స్ 1650, ఆర్టీఎక్స్ 20 వరుసల నుంచి పైకి కథ వేరు. వాటికి ఎన్విడియా 2022లో కెర్నల్ మాడ్యూళ్ళను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది, శాఖలూ ఇంకా బతికే ఉన్నాయి. వాటికి ఎన్విడియానే మేలు, మరో ఆలోచన అక్కర్లేదు. ఫెర్మీ, జీటీ 210 లాంటివాటికి నూవోనే. కెప్లర్ అటూ ఇటూగా ఉంటుంది. పాత ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతు ఉండే) కెర్నల్ మీదే ఆగిపోయే ఉద్దేశం ఉంటే 470, లేదంటే నూవో.

నూవోని వెనకేసుకురావడం కూడా అతి కాకూడదు. బ్రౌజర్‌లో వీడియోలు, పెద్ద ఇంక్‌స్కేప్ ఫైళ్ళు కలిసి నడిచేటప్పుడు అది హఠాత్తుగా బిగుసుకుపోవడం, తెర మీద రంగురంగుల ముక్కలు రావడం ఉన్నదే. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపితే కొంత నయం. అలాంటి యంత్రానికి మూడో దారి చూడండి, షాపు పనికి చాలాసార్లు మేలైనది అదే: కార్డు పీకేయడం.

ఆ ఇంటెల్ ప్రాసెసర్లో గ్రాఫిక్స్ ముందే ఉంది. ఐ5 3470 లాంటివాటిలో ఉన్న హెచ్‌డీ 2500 డీటీపీ పనికి, పీడీఎఫ్‌లకి ధారాళంగా సరిపోతుంది. జీటీ 210 దానికి అదనంగా ఇచ్చేది వేడి, ఫ్యాను చప్పుడు మాత్రమే. తీసే ముందు ఎన్విడియా ప్యాకేజీలు పర్జ్ చేయండి, అంటే పూర్తిగా తొలగించండి. డాట్ రన్ ఫైల్‌తో వేసి ఉంటే అదే ఫైల్‌ని అన్‌ఇన్‌స్టాల్ ఆప్షన్‌తో నడపాలి. ఈటీసీ లోపల ఎక్స్11 ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ ఫైల్ మిగిలి ఉంటే పేరు మార్చి పక్కన పెట్టండి. లేకపోతే లేని కార్డు కోసం వెతికి డెస్క్‌టాప్ లేవదు. తర్వాత బూట్ మొదట్లో ఎక్కే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అప్‌డేట్ చేసి, పవర్ తీసి, కార్డు లాగి, కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి పెట్టండి. కార్డు ఉన్నంతసేపు చాలా బయాస్‌లు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి, కాబట్టి కార్డు ఉంచి మదర్‌బోర్డు పోర్టు పరీక్షిస్తే నల్లతెరే వస్తుంది. ఒక్క జాగ్రత్త: పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, వాటికి కార్డు తీయకండి.

ఇంటెల్‌లోనూ రెండు దారులున్నాయి: పాత ఇంటెల్ ఎక్స్ డ్రైవర్, ఎక్స్‌ఆర్గ్‌తో వచ్చే మోడ్‌సెట్టింగ్ డ్రైవర్. పాతది 2014 తర్వాత కొత్త విడుదల చూడలేదు. డెబియన్, ఉబుంటులు 2016లోనే మోడ్‌సెట్టింగ్‌కి మారాయి. బొమ్మ చిరిగినట్టు కనిపిస్తుంటే టియర్‌ఫ్రీ ఆప్షన్ కోసం పాతదాన్ని కొందరు ఇప్పటికీ వేస్తారు. అక్షరాల దగ్గర చెత్త మిగులుతుంటే ముందు తీయాల్సిందీ దాన్నే. ల్యాప్‌టాప్ తెర వణికితే ఇంటెల్ కెర్నల్ డ్రైవర్ ఐ915కి ఎనేబుల్ పీఎస్ఆర్ సున్నా ఇచ్చి చూడండి. ఏఎండీ పాత కార్డులకు రేడియన్, కొత్తవాటికి ఏఎండీజీపీయూ, రెండూ కెర్నల్‌లోవే, బాధ తక్కువ.

కేబుల్ విషయానికొస్తే, మానిటర్‌కి డీవీఐ గానీ హెచ్‌డీఎంఐ గానీ ఉంటే వీజీఏ వదిలేయండి. వీజీఏ మాత్రమే ఉన్న మానిటర్‌కి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ కన్వర్టర్ పెట్టడం కన్నా, కంప్యూటర్‌లోనే వీజీఏ పోర్టు ఉంటే నేరుగా పెట్టడం మంచిది. జీటీ 1030లో వీజీఏ సంకేతం అసలు రాదు, దానికి చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, ఉత్త సాకెట్ మార్చే అడాప్టర్ చాలదు. వీజీఏలో ఆటో అడ్జస్ట్ నొక్కేటప్పుడు తెర నిండా అక్షరాలున్న తెల్లపేజీ తెరిచి ఉంచండి. మానిటర్ అంచులు చూసి క్లాక్, ఫేజ్ సరిచేసుకుంటుంది. నల్ల వాల్‌పేపర్ మీద నొక్కితే దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. టీవీని మానిటర్‌గా వాడితే షార్ప్‌నెస్ తగ్గించి, ఆ ఇన్‌పుట్‌ని పీసీ అని గుర్తించి, ఓవర్‌స్కాన్ ఆపాలి. ఎర్ర అక్షరాల అంచులు మాత్రమే చెదిరితే అది రంగుల సమాచారం కుదించి పంపడం వల్ల.

స్క్రీన్‌షాట్‌లోనే మసక ఉన్నవాళ్ళు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 125 శాతం స్కేలింగ్ చూడండి. వేలాండ్‌లో అలా పెడితే పాత ఎక్స్ అప్లికేషన్లు ఒక సైజులో గీసి సాగదీసినట్టు వస్తాయి, కొత్తవి పదునుగా ఉంటాయి. ఒక కిటికీ మసక, పక్క కిటికీ పదును అంటే ఇదే. డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా అయితే 5.26 నుంచి అప్లికేషన్లే స్కేల్ చేసుకునే ఆప్షన్ ఉంది. గ్నోమ్‌లో అయితే స్కేలింగ్ 100కి దించి, యాక్సెసిబిలిటీలో పెద్ద అక్షరాలు ఆన్ చేసుకోవడం, లేదా ట్వీక్స్‌లో ఫాంటు స్కేల్ 1.25 పెట్టుకోవడం మేలు. బటన్లు చిన్నగానే ఉంటాయి, కానీ థలో చుక్క కనిపిస్తుంది.