వారంటీ రిపేరు: నెల్లూరు షోరూమా, చెన్నైయా, కంపెనీకే రాయాలా?

కావలి, కందుకూరు వైపు నుంచి చాలామంది అడుగుతున్నది ఇదే. బండికి ఇంకా వారంటీ ఉంది, నెల్లూరు షోరూమ్‌లో మాత్రం “ఇది వారంటీలో రాదండి” అన్నారు, చెన్నై తీసుకెళ్లమంటారా అని. ఒంగోలు వాళ్లయితే విజయవాడ అంటారు.

వెళ్లొచ్చు. కొన్నచోటే చూపించాలన్న రూలు లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లాంటి వాటిలో పెద్ద వర్క్‌షాపు వాళ్లకు చెయ్యి తిరిగి ఉంటుంది, నిజమే. కానీ ఒకరోజు వినిపించి ఒకరోజు వినిపించని చప్పుడు మొదటిసారికే దొరకదు. మళ్లీ రమ్మంటారు. ప్రతిసారీ నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లు, ఒక రోజు పని పోతుంది.

అసలు చూడాల్సింది ఊరు కాదు, ఆ “రాదు” అన్నది ఎవరు అన్నది. వారంటీ ఖర్చు కంపెనీది. డీలర్ రిపేరు చేసి, క్లెయిమ్ పంపి, పార్టు ధర, కంపెనీ ఖరారు చేసిన లేబర్ రేటు రాబట్టుకుంటాడు. క్లెయిమ్ కొట్టేస్తే ఆ నష్టం తన మీద పడుతుంది. అందుకే అనుమానం ఉన్న కేసుల్లో కంపెనీని అడగకుండానే కౌంటర్ దగ్గరే కాదనేస్తారు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు లాంటి అరిగిపోయే వాటికి అలా చెబితే తప్పు లేదు. ఇంజిన్, గేర్‌బాక్సు, స్టీరింగ్ విషయంలో మాత్రం సర్వీస్ అడ్వైజర్‌ని సూటిగా అడగండి: “క్లెయిమ్ పెట్టారా? కంపెనీ కొట్టేసిందా, మీరే రాదంటున్నారా?” ఏ కారణంతో రాదో జాబ్ కార్డు (బండి ఇచ్చినప్పుడు కంప్లయింట్ రాసుకునే షోరూమ్ కాగితం) మీద రాసిమ్మనండి. చాలా కేసులు ఇక్కడే కదులుతాయి.

జాబ్ కార్డులో కంప్లయింట్ మీ మాటల్లోనే ఉండాలి. “రెండో గేరులో కుదుపు” అని మీరు చెబితే వాళ్లు “జనరల్ చెకప్” అని రాస్తే సంతకం పెట్టకండి. వారంటీ అయిపోయాక అదే జబ్బు ముదిరితే, గడువులోనే చెప్పామనడానికి మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

కంపెనీకి మెయిల్ పెడితే అది తిరిగి అదే డీలర్‌కే వస్తుందని కొందరు నిరుత్సాహపడతారు. వస్తుంది, కానీ అప్పుడు డీలర్ కంపెనీకి జవాబు చెప్పుకోవాలి. అందుకే నా ఓటు ఊళ్లో షోరూమ్‌కే, అదే రోజు కంపెనీకి మెయిల్‌తో కలిపి. ఛాసిస్ నంబరు, తిరిగిన కిలోమీటర్లు, జాబ్ కార్డు ఫోటో జత చేయండి. పార్టు ఊడదీసి చూడడానికి బయట మెకానిక్‌కు మాత్రం ఇవ్వొద్దు, క్లెయిమ్ కొట్టేయడానికి అదే సాకవుతుంది.

ఇవేవీ పనిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత మీ జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్ల లోపు వేయాలి. 5 నుంచి 10 లక్షల లోపు బండికి ఫీజు 200 రూపాయలే. డీలర్‌నీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి.