కుబాన్ కొలిమిలో చేయించిన షాష్కా: కొన్నేళ్ల వాడకం తర్వాత

షాష్కా, అంటే రష్యా దక్షిణాన కొసాక్కులు (గుర్రపు యోధుల సమాజం) వాడే కత్తి, కొనబోయేవారు ముందుగా పిడి మీది వెండి నగిషీ చూస్తారు. నేను వెన్ను, అంటే వాదరకు ఎదురువైపు మొద్దు అంచు, చూడమంటాను. పిడి దగ్గర వెన్ను ఎంత మందంగా ఉంది, మొన వైపు వెళ్లేకొద్దీ ఎలా పలచబడింది అన్నదానిలోనే కమ్మరి పనితనమంతా తెలిసిపోతుంది.

కుబాన్ ప్రాంతపు నగరమైన క్రాస్నోదార్‌లో ఉంటూ ఫ్లాంకిరోవ్కా, అంటే కొసాక్కుల కత్తి తిప్పే విద్య, సాధన చేస్తున్నాను. షాష్కా కాకసస్ కొండజాతుల నుంచి, ముఖ్యంగా సర్కేషియన్ల నుంచి, కొసాక్కులకు వచ్చిన ఆయుధం. వంపు స్వల్పం. చేతికి రక్షణగా అడ్డుపట్టీ ఉండదు. వాదర పైకి ఉండేలా నడుముకు వేలాడుతుంది కాబట్టి, ఒరలోంచి లాగిన ఊపులోనే వేటు పడుతుంది. 1881 నాటి సైనిక నమూనా అలుగు (కత్తి లోహభాగం) సుమారు 87 సెంటీమీటర్లు. 1904 నాటి కాకసస్ కొసాక్కుల నమూనా అంతకంటే పొట్టిది. నేను రెండోదాని కొలతలకు దగ్గరగా, పదును లేకుండా, ఆయుధం కాదన్న ధ్రువపత్రంతో చేయించుకున్నాను.

అంతకుముందు ఒక కార్ఖానా కత్తి వాడాను. రేకును ఆకారానికి కోసి, చివరిదాకా ఒకే మందంతో వదిలేశారు. మొన బరువుకు మణికట్టు లాగేసేది. దాన్నే ‘బులాత్’ (అలల గీతలు కనిపించే పేరొందిన పాతకాలపు ఉక్కు) అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మడం నన్ను నిజంగా బాధించింది. ఉరల్ కొండల పట్టణం జ్లతోఉస్త్‌లో రష్యా లోహశాస్త్రవేత్త పావెల్ అనోసొవ్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1841లో బులాత్ గురించి గ్రంథం ప్రచురించాడు. ఆయన వెతికిన ఆ ఉక్కుకు, మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం కొలుముల్లో మూసలో కరిగించిన ఉక్కుకు చుట్టరికం ఉంది. అలాంటి పేరును మామూలు రేకుకు తగిలించడం తప్పు.

నా షాష్కా చేసిన కమ్మరి ఒక కొసాక్కు పల్లెలో ఉంటారు. పేరు, ధర చెప్పకముందే ఒక కర్ర చేతికిచ్చి తిప్పమన్నారు. తర్వాత అరచేయి కొలిచారు. మా నగరంలోని ఫెలీత్సిన్ మ్యూజియంలో పాత కత్తులు చూసి రమ్మన్నారు. బులాత్ తాను చేయనని, సాధనకు 65జి స్ప్రింగు ఉక్కు చాలునని ముందే చెప్పేశారు. ఇలా ముందుగా ‘చేయను’ అని చెప్పగల కమ్మరి దొరికితే వదలకండి. వెండి పని విషయంలోనూ ఆయనది అదే మాట: అది వేరే చేతివృత్తి. దగెస్తాన్‌లో కూడా పూర్వం అలుగులకు అముజ్గి గ్రామం, వెండి అలంకారానికి కుబాచి గ్రామం పేరు పొందాయి. ఇప్పుడైనా అలుగు ఒకరి దగ్గర, నగిషీ మరొకరి దగ్గర చేయించుకోవడమే మంచిది.

ఇక వాడకం. వెన్ను పిడి దగ్గర సుమారు 6 మిల్లీమీటర్లు ఉండి, మొన దగ్గర దాదాపు సగానికి తగ్గుతుంది. అలుగు పొడవునా ఉన్న గాడి కూడా బరువు తగ్గించింది. అందుకే గంటసేపు తిప్పినా చేయి అలసిపోదు. గట్టి దెబ్బలకు వంగినా మళ్లీ నిటారుగా వచ్చేస్తుంది. రెండు చెవుల్లా చీలిన పిడి తల చెమట పట్టిన చేతిలోంచి జారకుండా ఆపుతుంది. అడ్డుపట్టీ లేదని భయపడేవారికి ఇది చెప్పాలి.

లోపాలూ ఉన్నాయి. కొమ్ము పిడి చలికాలంలో, గదుల్లో వేడి పెట్టినప్పుడు, ఎండి ఒక మేకు దగ్గర సన్నగా బీట వేసింది. నూనె రాస్తూ ఉంటే అది పెరగలేదు. చెక్క ఒర వానల్లో ఉబ్బి అలుగును బిగబట్టేది. కమ్మరే లోపల కొద్దిగా చెక్కి సరిచేశారు. 65జి తుప్పు పట్టే ఉక్కు. వేలిముద్ర తుడవకుండా ఒరలో పెడితే మరుసటి రోజుకు మచ్చ కనిపిస్తుంది. ఎదురుచూపు కూడా ఎక్కువే. పండుగ తేదీ పెట్టుకుని ఆర్డరు ఇవ్వవద్దు.

స్వదేశానికి తెచ్చుకోవాలనుకునే తెలుగువారు ముందుగా ఆయుధ చట్టం చూడాలి. మన నిబంధనల్లో ఖడ్గాలు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. రష్యా ధ్రువపత్రం మన కస్టమ్స్‌లో చెల్లుతుందని అనుకోవద్దు. ప్రయాణానికి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.